పాత మెటడోరు వ్యానును పట్టుగూళ్ళ బండిగా మార్చుకోవడం



పట్టుగూళ్ళు పండించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. చాకీ పురుగులు తెచ్చుకొన్ననాటి నుంచి గూళ్ళు విడిపించేనాటి దాకా ఇంటిల్లిపాదికీ నిద్ర సరిగా ఉండదు. మల్బరీ ఆకు కోయాలి, పడకలు శుభ్రం చెయ్యాలి, జ్వరాలకు సున్నం చల్లాలి, ఊజీ ఈగకు వల కట్టాలి. ఇంత చేసి, గూడు చేతికి వచ్చాక, అంగడికి పోయే ఆ మూడు నాలుగు గంటల దారిలో సరుకు చెడిపోతే ఎవరిని అని ఏం లాభం? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో గూళ్ళు పండించే రైతులు చాలామంది ఈ దారి విషయం తక్కువగా పట్టించుకొంటున్నారు. దొరికిన బండిలో, సిమెంటు మూటలు దింపి ఇంకా దుమ్ము ఊడ్వని బండిలో, పైన టార్పాలిను బిగించి, గూళ్ళ మూటలను ఒకదాని మీద ఒకటి తొక్కి పంపుతున్నారు.

ఈ ఇబ్బందికి ఒక ఉపాయంగా కొందరు రైతులు కలిసి సొంత బండి పెట్టుకోవాలని చూస్తున్నారు. కొత్త బండికి డబ్బు చాలదు. అప్పుడు వారి కన్ను ఎక్కడో షెడ్డులో మూలబడి ఉన్న పాత వ్యాను మీద పడుతుంది. అటువంటి పాత బండ్లలో ముఖ్యమైనది మెటడోరు. దాన్ని బాగుచేసి, లోపలంతా మార్చి, గూళ్ళ బండిగా వాడుకోవచ్చునా? వాడుకోవాలంటే ఏమి చూడాలి? ఏ మార్పు చెయ్యవచ్చు, ఏది చెయ్యకూడదు? ఖర్చు గిట్టుతుందా? ఈ నాలుగు సంగతులు ఈనాడు మీకు మనవి చేస్తాను.

ముందు ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలుసుకొందాం. మెటడోరు మొదట జర్మనీ దేశంలోని హాంబర్గు నగరంలో టెంపో అనే సంస్థ తయారుచేసిన వ్యాను. మన దేశంలో బజాజ్ టెంపో సంస్థ 1958లో టెంపో మూడు చక్రాల బండ్లతో మొదలై, 1969లో మెటడోరును తీసుకొనివచ్చింది. 2000 వరకు, అంటే సుమారు 30 సంవత్సరాలు, అది మన రోడ్ల మీద తయారవుతూ, తిరుగుతూ వచ్చింది. ఆ సంస్థ పేరు 2005లో ఫోర్స్ మోటార్స్ అని మారింది. పేరు మారినా జనం నోట మాత్రం ఆ బండి పేరు నిలిచిపోయింది. మన వైపు పల్లెల్లో ఏ కంపెనీ చిన్న వ్యాను వచ్చినా ‘మెటడోరు వచ్చింది’ అనేవారు. పెండ్లి బృందానికీ అదే, టమాటా బుట్టలకూ అదే, ఆసుపత్రికి రోగిని తీసుకొనిపోవడానికీ అదే. 1980వ దశకంలో మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న లారీలు తయారుచేయడం, అటువంటివే మరికొన్ని జపాను రకాలు దేశంలోకి రావడం జరిగిన తర్వాత మెటడోరుకు పోటీ పెరిగింది. ఇప్పుడు నడిచే స్థితిలో ఉన్న పాత డెలివరీ వ్యాను కనిపించడమే అరుదు. 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు కొత్తవి తయారై బయటికి వస్తున్నాయి. ఆ దారిలోనే ఏదో ఒక పాత షెడ్డులో మెటడోరు ఒకటి చక్రాలు దిగబడి ఉండవచ్చు.

ఈ బండిలో మనకు పనికివచ్చే గుణం ఒకటి ఉన్నది. దీనికి ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. వెనుక చక్రాల దాకా కింద పొడవాటి ఇనుప షాఫ్టు పోదు. అందువల్ల సరుకు పెట్టే అడుగు భాగం నేలకు దగ్గరగా, చదునుగా ఉంటుంది. గూళ్ళ సంచులను ఆడవాళ్ళు సైతం ఎత్తి లోపల పెట్టవచ్చు, విసిరే పని లేదు. విసరకపోతే గూడు నలగదు. దీనికి ఒక లోపం కూడా ఉన్నది. వెనుక భాగంలో బరువు ఎక్కువై, బండి ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాల మీద భారం తగ్గి, తడి మట్టిలో అవి జారుతాయి. కాబట్టి బరువైన సరుకును ఎప్పుడూ క్యాబిను వైపు ముందుకు సర్దాలి. గూళ్ళు బరువు తక్కువ, చోటు ఎక్కువ పట్టే సరుకు గనుక ఈ లోపం మనకు పెద్దగా అడ్డు రాదు.

ఇక గూటి సంగతికి వద్దాం. బండిని ఎట్లా మార్చాలో చెప్పేది గూడే గాని మేస్త్రీ కాదు. మీరు అంగడికి తీసుకొనిపోయే గూటిలో ప్యూపా బ్రతికే ఉంటుంది. పచ్చి గూటి బరువులో సుమారు ఐదింట నాలుగు పాళ్ళు ఆ ప్యూపాదే. అది ఊపిరి పీలుస్తుంది. గాలిలోకి తేమను, వేడిని వదులుతుంది. పచ్చి వేరుశనగకాయను కుప్పపోస్తే నడుమ చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. గూళ్ళ మూటలోనూ అదే జరుగుతుంది. మూట బిగువుగా కట్టి, గాలి ఆడని బండిలో వేస్తే ఆ వేడి పోవడానికి దారి ఉండదు. తేమ గూటి పెంకు మీద పట్టి, దారపు పొరలను అంటించి ఉన్న బంక మెత్తబడుతుంది. అట్టి గూడు రీలింగులో దారం సరిగా విడవదు, మాటిమాటికి తెగుతుంది. కింది మూటలో నలిగిన ప్యూపా చచ్చి, దాని రసం లోపలినుంచి పెంకుకు మచ్చ పెడుతుంది. రీలరు గూటిని చేతిలో ఊపి, చెవి దగ్గర పెట్టుకొని, వెలుతురులో చూసి ధర పాడుతాడు. మచ్చ గూడు ఒకటి కనిపిస్తే లాటు మొత్తం ధర దిగుతుంది. ధర్మవరం మగ్గం మీద నేసే పట్టుచీరకు కావలసిన నాణ్యమైన దారం ఈ దారిలోనే చెడుతున్నది.

కాబట్టి బండి సంగతికి ముందే మూడు పనులు మీ చేతిలో ఉన్నాయి. మొదటిది: గూళ్ళు సరియైన రోజున విడిపించాలి. సంకరజాతి గూళ్ళు అల్లిక మొదలైన ఐదవ రోజున, బైవోల్టీను గూళ్ళు ఏడవ ఎనిమిదవ రోజున విడిపించడం మంచిది. ముందు తీస్తే ప్యూపా లేతగా ఉండి నలుగుతుంది. మరీ ఆలస్యమైతే చిలుక గూటిని చీల్చుకొని వస్తుంది. రెండవది: విడిపించినప్పుడే మెత్తని గూళ్ళు, మచ్చ గూళ్ళు, జంట గూళ్ళు, చచ్చిన పురుగులున్న గూళ్ళు వేరు చెయ్యాలి. మూడవది: గాలి ఆడే వల సంచులలో వదులుగా నింపి, చల్లని వేళ, రాత్రి గాని తెల్లవారుజామున గాని, ప్రయాణం పెట్టుకోవాలి. ఈ మూడూ చెయ్యనివారికి ఎంత మంచి బండి ఉన్నా ఉపయోగం లేదు.

ఇప్పుడు పాత బండి కొనేటప్పుడు చూడవలసినవి. మన పెద్దలు ‘పైన పటారం, లోన లొటారం’ అన్నారు. పాత వ్యానుకు ఈ మాట సరిగా సరిపోతుంది. అమ్మేవాడు పైన కొత్త రంగు కొట్టించి ఉంటాడు. మీరు రంగు చూడవద్దు. బండి కిందకు దూరి చూడండి. సన్నని సుత్తి ఒకటి, స్క్రూడ్రైవరు ఒకటి తీసుకొనిపొండి. కింది చట్రం పొడవునా తట్టుతూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది బొద్దుగా పలుకుతుంది. అక్కడ స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగబడితే ఆ చోటు పోయినట్టే. తలుపు కింది అంచులు, చక్రాల పై గుంతలు, వెనుక మెట్టు, అడుగు రేకు మూలలు మొదట తుప్పు తినే చోట్లు. పక్క రేకు పోయినా మార్చవచ్చు. చట్రమే పోయిన బండిని మాత్రం ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి.

తర్వాత ఇంజను. చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. అమ్మేవాడు మీరు రాకముందే వేడిచేసి పెట్టి ఉంటే అనుమానించండి. పొగ నల్లగా ఎడతెగక వస్తే గాలి ఫిల్టరో, డీజిలు పంపో, నాజిళ్ళో చూసుకోవాలి. నీలి పొగ వస్తే ఇంజను నూనె కాలుతున్నదన్నమాట. ఆ పని ఖర్చుతో కూడింది. బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, రేడియేటరులో నూనె తెట్టు కట్టి ఉంటే, నూనె పుల్ల మీద పాలు కలిసిన కాఫీ రంగు కనిపిస్తే, నీళ్ళూ నూనే కలుస్తున్నవని అర్థం. ముందు చక్రాలకు బలం అందించే కీళ్ళ మీద రబ్బరు తొడుగులు ఉంటాయి. అవి చిరిగితే గ్రీజు కారి, దుమ్ము చేరి, మలుపులో టకటకమని చప్పుడు వస్తుంది. తొడుగు ఖర్చు కొంచెమే, కీలు ఖర్చు ఎక్కువ. అంతకంటె ముఖ్యం, అవి దొరకడం కష్టం. కాబట్టి బేరం ఆడకముందే పాత సామాన్ల అంగళ్ళలో ఆ భాగాలు దొరుకుతాయో లేదో విచారించుకోండి. దొరకని బండి కొంటే, పంట కోతకు వచ్చిన రాత్రే అది కూర్చుంటుంది.

బ్రేకుల విషయంలో పొదుపు వద్దు. ఏళ్ళ తరబడి నిలిచిన బండిలో బ్రేకు రబ్బర్లు గట్టిపడి, గొట్టాలు పగిలి, నూనెలో నీరు చేరి ఉంటుంది. పెడలు బాగానే ఉన్నది గదా అని వదిలిపెట్టవద్దు. రబ్బర్లు, రబ్బరు గొట్టాలు, బ్రేకు నూనె, లైనింగులు మొత్తం కొత్తవి వేయించండి. టైరు పైన గాడి లోతుగా ఉన్నా దాని వయసు చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మూలబడిన బండి టైర్లు పక్కలు నెర్రెలిచ్చి ఉంటాయి. బరువుతో, ఎండలో, పెద్ద రోడ్డు మీద అవి పగిలితే ప్రాణాలకే ముప్పు.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. చట్రం మీద కొట్టిన నంబరు, ఇంజను నంబరు, రిజిస్ట్రేషను పుస్తకంలోని నంబర్లు మూడూ ఒకటి కావాలి. తుప్పు గోకేటప్పుడు గాని, అతుకు వేసేటప్పుడు గాని చట్రం నంబరు చెరిగిపోతే ఆ బండి దిక్కులేనిదవుతుంది. పాత పన్ను బాకీ, ఫైనాన్సు బాకీ ఉన్నదా, రిజిస్ట్రేషను అమలులో ఉన్నదా, రద్దయిందా అని రవాణా శాఖ కార్యాలయంలో విచారించకుండా బయానా ఇవ్వవద్దు. సరుకు బండికి ఎనిమిదేళ్ళు దాటిన తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ పత్రం తీసుకోవాలి. ఆ పరీక్షలో నెగ్గలేని బండిని బాగుచేసి ఏం ప్రయోజనం?

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ‘బండికి యాభై ఏళ్ళు దాటింది గదా, దాన్ని పురాతన వాహనంగా రిజిస్టరు చేయించుకొంటే సరిపోదా?’ అని. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం అట్టి వాహనాలకు ప్రత్యేక నియమాలు చేసిన మాట నిజం. అయితే అవి సొంతానికి ఉంచుకొనే, వ్యాపారానికి వాడని ద్విచక్ర వాహనాలకు, కార్లకు ఉద్దేశించినవి. బండి మొదటి రూపంలోనే ఉండాలి. చట్రంలోగాని, పైకట్టులోగాని, ఇంజనులోగాని పెద్ద మార్పు చేసి ఉండకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. అంటే గూళ్ళు మోసే వ్యానుకు ఆ దారి లేదు. కాబట్టి ముందే తేల్చుకోండి. మీకు దొరికిన బండి చెక్కుచెదరకుండా, మొదటి రూపంలో ఉంటే దాన్ని కోసి మార్చకుండా, పాత బండ్ల మీద ముచ్చట ఉన్నవారికి అమ్మి, ఆ డబ్బుతో వేరొక బండి చూసుకోవడం ఇద్దరికీ లాభం. సగం పాడైన బండినే మార్పుకు తీసుకోవాలి.

మార్పుల విషయంలో చట్టం ఏమంటున్నది? 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం ప్రకారం, కంపెనీ వారు మొదట పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషను పుస్తకానికీ తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతిని గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ఇంజను మార్చాలన్నా, గ్యాసు కిట్టో కరెంటు కిట్టో పెట్టాలన్నా నియమాల ప్రకారం ఆమోదం పొందిన రకమే పెట్టి, రవాణా శాఖ అనుమతితో పుస్తకంలో ఎక్కించుకోవాలి. కరెంటు కిట్టు మాట చాలామంది అడుగుతున్నారు. పొగ ఉండదు, చప్పుడు ఉండదు, గూళ్ళకు మంచిదే. కాని ఆ కిట్టు మీ రకం బండికి పరీక్షలో ఆమోదం పొందినదై ఉండాలి. ఇంత పాత రకానికి అట్టిది దొరుకుతుందని నమ్మి బండి కొనడం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్లవుతుంది.

చెయ్యనే కూడని మార్పులు కొన్ని ఉన్నాయి. చట్రాన్ని వెనుకకు పొడిగించవద్దు. పైకప్పును కోసి ఎత్తు పెంచవద్దు. స్ప్రింగు కట్టకు అదనపు పట్టీలు వేసి ఎక్కువ బరువు వెయ్యవద్దు. పట్టీలు వేసినంత మాత్రాన బ్రేకుకూ, ఇరుసుకూ బలం రాదు గదా? బండి వెనుక కూలీలను కూర్చోబెట్టి పంపవద్దు. సరుకు బండిలో మనుషులు ఎక్కి ప్రమాదం జరిగితే బీమా పరిహారం విషయంలో కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది; పోయిన ప్రాణం ఎట్లాగూ తిరిగి రాదు.

మరి చెయ్యదగినవి? చాలా ఉన్నాయి, అన్నీ లోపలి పనులే. అయితే పక్క రేకులకు గాలి కంతలు పెట్టడం వంటి పని పైకట్టును కోయడం కిందికి వస్తుంది గనుక, గీత గీసిన కాగితం ఒకటి తయారుచేసుకొని మోటారు వాహనాల తనిఖీ అధికారికి చూపి, ఆయన ఒప్పుకొని రాసి ఇచ్చిన తర్వాతనే కోయించండి. కోసిన తర్వాత అడగడం చేను మేసిన తర్వాత కంచె వేసినట్టే.

గాలి సంగతి ఇట్లా ఆలోచించండి. చల్లగాలి కిందినుంచి లోపలికి రావాలి. వేడిగాలి పైనుంచి బయటికి పోవాలి. కాబట్టి ముందు భాగంలో అడుగుకు దగ్గరగా రెండు పక్కలా లోపలికి గాలి వచ్చే కంతలు, వెనుక భాగంలో కప్పుకు దగ్గరగా బయటికి పోయే కంతలు పెట్టాలి. బండి నడిచేటప్పుడు గాలి తనంతట అదే ఆడుతుంది. చిక్కంతా బండి నిలిచినప్పుడే. అంగడి దగ్గర వరుసలో గంటల తరబడి నిలబడితే లోపలి వేడి పెరుగుతుంది. అందుకు కప్పు మీద తిరిగే గాలిమరో, బ్యాటరీతో నడిచే చిన్న ఫ్యానో ఒకటి కావాలి. ప్రతి కంతకు వాన జల్లు పడకుండా వాలు రేకు, లోపలివైపు ఊజీ ఈగ దూరకుండా సన్నని నైలాను వల బిగించాలి.

ఎండను ఆపడానికి కప్పు పైన తెల్లరంగు వేయండి. కప్పు కింద థర్మోకోలు పలకలు పరచి, వాటి కింద పలుచని ప్లైవుడ్డు బిగించండి. ఈ బండిలో ఇంజను క్యాబినులోనే ఉంటుంది గనుక, క్యాబినుకూ సరుకు గదికీ నడుమ సందులేని అడ్డుగోడ కావాలి. ఆ గోడ ఇంజను వేడిని, పొగను, డ్రైవరు కాల్చే బీడీ పొగను కూడా ఆపుతుంది. పొగాకు ఘాటు పట్టుపురుగుకు విషం. అదే బండిలో చాకీ పురుగులను తెచ్చుకొనేటట్లయితే ఈ మాట మరవకూడదు. పురుగుమందుల డబ్బాలు మోసిన బండిలో చాకీ పురుగులను ఎట్టి పరిస్థితిలోనూ తేవద్దు.

లోపల రెండు పక్కలా మూడు అంతస్తుల అరలు బోల్టులతో బిగించండి. నడుమ మనిషి నడిచే దారి వదలండి. అర అడుగున వెదురు బద్దలో, సన్నని ఇనుప గొట్టాలో వరుసగా, సందులు ఉండేటట్టు వేస్తే కిందినుంచి కూడా గాలి తగులుతుంది. సంచి పరిచినప్పుడు దాని మందం జానెడు మించకూడదు. కింది అర అడుగు రేకును ఆనకుండా నాలుగు వేళ్ళ ఎత్తున ఉండాలి. సంచి మీద సంచి వెయ్యవద్దు. ఇట్లా సర్దితే బండి బరువు మితి చేరకముందే చోటు నిండిపోతుంది. దాన్ని చూసి ‘ఇంకా పడుతుంది’ అని తొక్కవద్దు.

ఇప్పుడు చెప్పబోయేది విస్తరణ సిబ్బంది ప్రత్యేకంగా గమనించాలి. ఊజీ ఈగ కర్ణాటకలోకి 1980లో వచ్చింది. అది ఎట్లా వచ్చిందో తెలుసునా? పశ్చిమ బెంగాలు నుంచి తెచ్చిన బ్రతికిన గూళ్ళతో వచ్చింది. పురుగును తిని పెరిగిన ఊజీ మ్యాగటు గూటిని తొలుచుకొని బయటపడి, చీకటి సందులు వెదకి, అక్కడ ప్యూపాగా మారుతుంది. బండి అడుగు రేకు సందుల్లో అది పడి ఉంటే, ఒక ఊరి తెగులు ఇంకొక ఊరికి మన డీజిలు ఖర్చుతోనే పోతుంది. కాబట్టి అడుగున ఎక్కడా సందు లేకుండా పూడ్చి, మూలలు గుండ్రంగా తిప్పించాలి. ప్రతి ప్రయాణం తర్వాత ఊడ్చి, దొరికిన మ్యాగట్లను, ప్యూపాలను సబ్బునీళ్ళలో వేసి చంపి పూడ్చిపెట్టాలి.

ఊడ్చిన తర్వాత మందు నీళ్ళతో కడగాలి. పురుగుల గదికి మనం వాడే 2 శాతం బ్లీచింగు పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్ళు రోగక్రిములను చంపుతాయి. కాని బ్లీచింగు నీళ్ళు ఇనుమును తినేస్తాయి. గది గోడకు చెయ్యని హాని బండి రేకుకు చేస్తాయి. మూడు లక్షలు పెట్టి తుప్పు బాగుచేయించి, అదే బండిని ప్రతివారం బ్లీచింగుతో తడిపితే రెండేళ్ళలో మళ్ళీ మొదటికి వస్తాము. అందుకని లోపలి అడుగుకు, గోడలకు నడుమెత్తు దాకా ఫైబరు పొర పోయించండి. ఇనుము బయటికి కనపడకూడదు. మందునీళ్ళు చల్లి అరగంట ఉంచి, మంచినీళ్ళతో కడిగి, తలుపులు తెరిచి ఎండలో ఆరబెట్టాలి. తడి బండిలో గూళ్ళు ఎక్కించకూడదు. మందుల వాడకంలో సందేహం ఉంటే హిందూపురం దగ్గర కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధనాభివృద్ధి సంస్థ ఉన్నది, అక్కడివారిని అడగండి. మీ సచివాలయంలోని పట్టుపరిశ్రమ సహాయకుడైనా చెబుతాడు. ఇంజను మాట మేస్త్రీని అడగండి. గూటి మాట మమ్ములను అడగండి.

బండి తయారయ్యాక మొదటి పంటను దాని మీద పరీక్ష పెట్టవద్దు. ఉత్త బండిని హిందూపురం నుంచి పెనుకొండకు, అంటే సుమారు 40 కిలోమీటర్లు నడిపి, ఆగి, చక్రాల మధ్యభాగం చేతితో తాకి చూడండి. ఒక చక్రం మిగతావాటికంటె కాలుతుంటే బ్రేకు పట్టుకొన్నదన్నమాట. తర్వాత కొద్దిపాటి గూళ్ళతో నడపండి. మామూలు థర్మామీటర్లు రెండు చాలు. ఒకటి బండి బయట నీడలో, ఒకటి సంచి నడుమ. అరగంటకొకసారి చూసి రాసుకోండి. సంచిలోని వేడి బయటి వేడికంటె మీరిపోతూ, ఆగకుండా పెరుగుతుంటే గాలి చాలలేదన్నమాట. సంచి మందం తగ్గించండి, లేదా కంతలు పెంచడానికి మళ్ళీ అనుమతి అడగండి. బయలుదేరేటప్పుడు తూకం, అంగడిలో తూకం కూడా రాసుకోండి. ఈ పుస్తకమే మీ బండి మంచిదో కాదో చెప్పే సాక్షి.

చివరగా ఖర్చు లెక్క. ఇప్పుడు చెప్పే అంకెలు లెక్క పద్ధతి తెలియడానికి నేను అనుకొన్నవి. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. బండి ధర, మరమ్మతు, అరలు అన్నీ కలిపి 3,00,000 రూపాయలు అయినవనుకొందాం. బండి ఐదేళ్ళు పనిచేస్తుందనుకొంటే ఏడాదికి 60,000. బీమా, పన్ను, ఫిట్‌నెస్, టైర్లు, చిల్లర మరమ్మతు ఏడాదికి 40,000. బండి కదిలినా కదలకపోయినా ఏడాదికి 1,00,000 రూపాయలు ఖర్చు ఉన్నది. కదిలినప్పుడు డీజిలుకూ డ్రైవరుకూ తడవకు 1,200. అదే అద్దెబండి తడవకు 3,000 తీసుకొంటే, సొంతబండి వల్ల తడవకు 1,800 మిగులుతుంది. లక్షను 1,800తో భాగిస్తే 56 తడవలు. అంటే ఏడాదికి 56 తడవలు నడిస్తేనే ఖర్చు గిట్టుతుంది. ఏడాదికి ఆరు పంటలు తీసే రైతులు ఎనిమిదిమంది కలిస్తే 48 తడవలే, నష్టం. పదిమంది కలిస్తే 60, గట్టెక్కుతారు. ఒక్క రైతు తన ఆరు పంటల కోసం బండి పెట్టుకొంటే అది గూళ్ళు మొయ్యదు, గూళ్ళే దాన్ని మొయ్యాలి.

ఇందులో నాణ్యత వల్ల వచ్చే లాభం కలపలేదు. 100 కిలోల గూళ్ళలో దారిలో రెండు కిలోలు తరిగినా, కిలోకు పది రూపాయలు ధర దిగినా ఎంత పోతున్నదో మీరే వేసుకోండి. మీరు రాసిపెట్టుకొన్న తూకాల పుస్తకం చూస్తే ఆ లాభం తెలుస్తుంది. ఊహించి ముందే జమ వేసుకోవద్దు.

కాబట్టి రైతు సోదరులారా, ముందు పదిమంది కూడండి. కలిసినవారు ఎవరి పంట ఏ వారంలో కోతకు వస్తుందో కాగితం మీద వేసుకోండి. అందరి గూళ్ళు ఒకే రాత్రి వస్తే ఒక బండి చాలదు. బ్రషింగు తేదీలు వారం వారం తేడాతో పెట్టుకోవడానికి చాకీ కేంద్రం వారితో మాట్లాడండి. బండి ఎవరి పేరున ఉంటుంది, మరమ్మతు డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, ఒకరు విడిపోతే వారి వాటా ఎట్లా అన్నది రాసుకొని సంతకాలు పెట్టుకోండి. ఆ తర్వాతనే సుత్తి పట్టుకొని పాత బండి కిందకు దూరండి. పదిమంది కుదరకపోతే బండి మాట వదిలిపెట్టి, అద్దెబండిలోనే వల సంచులు, వెదురు అరలు, చల్లని వేళ, ఈ మూడూ పాటించండి. వీటికి అనుమతీ అక్కరలేదు, అప్పూ అక్కరలేదు. వచ్చే పంటకే మొదలుపెట్టవచ్చు.